టిక్కుమనే గుండెకు మాత్ర మరవకండి

రాత్రి ఇల్లు సద్దుమణిగాక మీ గుండెలో గడియారంలా టిక్‌టిక్‌మని వినిపిస్తోందా? మెకానికల్ వాల్వు వేయించుకున్న వాళ్ళకి అది మామూలే. ఆ చప్పుడు మందగిస్తేనే కంగారు పడాలి!

చిన్నతనంలో కీళ్ళ నొప్పులతో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు చెడి, ఆపరేషన్ దాకా వచ్చే స్త్రీలు మన దేశంలో ఎక్కువే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన వాల్వును 1990లోనే తొలిసారి రోగికి అమర్చారు. ఇలాంటి వాల్వులు ఏళ్ళ తరబడి అరగవు. చిక్కల్లా రక్తంతోనే. పరాయి వస్తువు తగిలితే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ వాల్వు రెక్కకు అడ్డుపడితే, సందులో గుడ్డ ఇరుక్కున్న తలుపులా అది సరిగా తెరుచుకోదు, మూసుకోదు. గడ్డలో ముక్క విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతమే.

అందుకే వార్ఫరిన్, ఎసిట్రామ్ వంటి మాత్రలు జీవితాంతం వాడాలి. అత్తగారి బి.పి. మాత్ర, పిల్లల టానిక్ గుర్తుంచుకుని మన మాత్ర మాత్రం మరచిపోతాం కదూ! రోజూ ఒకే వేళకు వేసుకోండి. మరచిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి, డాక్టరుని అడగండి. ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష తప్పించకండి. ఆ అంకె తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. మీకెంత ఉండాలో డాక్టరు చెప్పింది వంటింటి కేలండరు మీద రాసిపెట్టుకోండి. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయని ఎవరైనా చెప్పినా, మెకానికల్ వాల్వుకు అవి పనికిరావు.

ఆకుకూరలు మానేయక్కర్లేదు. పాలకూర, తోటకూర, మునగాకుల్లోని విటమిన్ కె మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఓ వారం అసలు ముట్టకుండా, మరో వారం రోజూ వండుకోకుండా, ఎప్పుడూ ఇంచుమించు ఒకే పాళంలో తినండి. నొప్పి మాత్రలు, నాటుమందులు సొంతంగా వాడొద్దు.

పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి చెప్పండి. నోటి క్రిములు వాల్వుకు పట్టవచ్చు. జ్వరం రోజుల తరబడి వదలకపోయినా డాక్టరుకి చూపించండి. బిడ్డ కావాలనుకుంటే ముందే సలహా తీసుకోండి. ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు, అలాగని మీ అంతట మీరు ఆపితే మీ ప్రాణానికే ముప్పు.

టిక్‌టిక్ వినిపించకపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, మలం నల్లగా పోయినా, తలకు దెబ్బ తగిలినా తెల్లారనిమ్మని ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఈ మాట ఇంట్లోవాళ్ళందరికీ చెప్పి ఉంచండి. ఆ క్షణంలో మీకు చెప్పే ఓపిక ఉండకపోవచ్చు.