బుడగ మధ్యలోనే ఉంది, ఇల్లే వెనక్కి వాలింది

మా తాతగారి మండువా లోగిలి పడగొట్టే ముందు నేను తీసిన ఆఖరి ఫొటో చూపిస్తే మా నాన్నగారు అన్న మొదటి మాట: "ఏరా, మనిల్లు వెనక్కి పడిపోతున్నట్టుందేంట్రా?"

నిజమే. ఎనభై ఏళ్ళు నిటారుగా నిలబడ్డ ఇల్లు నా ఫొటోలో వెనక్కి వాలిపోయింది. వీధరుగు మీది స్తంభాలు రెండూ పైకెళ్ళే కొద్దీ దగ్గరికొచ్చాయి. పైగా పెంకులు మసక, కింద మెట్లు మసక. మధ్యలో తలుపు మాత్రం దాని మేకులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. పోనీ మళ్ళీ తీద్దామంటే ఇప్పుడక్కడ ఇల్లు లేదు, చదును చేసిన స్థలం ఉంది.

తీసింది సెల్‌ఫోనుతో కాదండోయ్. 4×5 అంగుళాల షీట్ ఫిల్ము వాడే చెక్క ఫీల్డు కెమెరాతో! ఇలాంటి ఇళ్ళు తీయడానికే కదా అని, సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఏడాది పాటు దాని గురించి ఆఫీసులో అందరి చెవులూ కొరికేసిన కెమెరాతో.

తెలియనివారికోసం రెండు ముక్కలు. ఈ కెమెరాలో ముందు లెన్సు పెట్టే చట్రం, వెనక ఫిల్ము పెట్టే చట్రం, రెంటినీ కలుపుతూ హార్మోనియం తిత్తిలా మడతల తోలు (బెలోస్ అంటారు). ఇవన్నీ ఒక మడత పలక మీద నిలబడతాయి. వెనక గ్రౌండ్ గ్లాసు మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. ముందుదీ వెనకదీ విడివిడిగా ఎత్తొచ్చు, వంచొచ్చు, తిప్పొచ్చు. మామూలు కెమెరాతో ఎత్తైన ఇంటిని తీయాలంటే కెమెరాని పైకెత్తి చూస్తాం, దాంతో గోడలు పైన దగ్గరైపోతాయి. ఇందులో అయితే వెనక చట్రాన్ని నిలువుగా ఉంచి, లెన్సుని మాత్రం పైకి జరిపితే చాలు. ఇల్లు మొత్తం పడుతుంది, గోడలు నిటారుగా ఉంటాయి. అంటే మొత్తం వ్యవహారం ఒక్క షరతు మీద నడుస్తుందన్నమాట: వెనక చట్రం కచ్చితంగా నిలువుగా ఉండాలి.

మరి అది నిలువుగా ఉందని ఎలా తెలుస్తుంది? అందుకే దాని పక్కన చిన్న బుడగ గొట్టం అతికిస్తారు. బుడగ మధ్యలో ఉంటే నిలువు. నా బుడగ మధ్యలోనే ఉంది. ఒట్టు!

ఇంటికొచ్చాక కూర్చుని డీబగ్ చేశా. మేస్త్రి పనికి వాడే రసమట్టం ఒకటి కొని గ్రౌండ్ గ్లాసు చట్రానికి ఆనించి చూస్తే తేలిందేంటంటే, కెమెరా బుడగ "నిలువు" అన్నప్పుడు చట్రం దాదాపు ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వాలి ఉంది. బుడగ తప్పు కాదు పాపం, దాన్ని అతికించినవాడు కాస్త వంకరగా అతికించాడు. ముందు చట్రానికేమో సున్నా దగ్గర టక్కుమని ఆగే గాడి ఉంది, అది సరిగ్గానే ఉంది. అంటే ముందుది నిలువు, వెనకది వాలు. ఒక్క బగ్గు, రెండు లక్షణాలు: గీతలు వాలాయి, ఫోకస్సు చెడింది.

ఒకటిన్నర డిగ్రీకే ఇంత రభసా అనుకోకండి, లెక్క వేద్దాం. నాది 150 ఎంఎం లెన్సు. ఫిల్ము మధ్యనుంచి చెరో 50 ఎంఎం దూరంలో రెండు స్తంభాలున్నాయనుకుంటే, ఈ వాలుకి వాటిమధ్య సుమారు ఒక డిగ్రీ తేడా వస్తుంది. 90 ఎంఎం ఎత్తులో అది ఒకటిన్నర ఎంఎం. నాలుగు రెట్లు పెద్దది చేసి ప్రింటు వేస్తే 6 ఎంఎం. పక్కనే ప్రింటు అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి ఎవరికైనా ఇట్టే దొరికిపోతుంది. ఇక ఫోకస్సు. ఫిల్ము మధ్యనుంచి పై అంచుకి 47 ఎంఎం. అంత దూరంలో ఒకటిన్నర డిగ్రీ అంటే ఫిల్ము ఉండాల్సిన చోటుకి 1.2 ఎంఎం అవతల ఉన్నట్టు. సాయంత్రం వెలుతురు తక్కువని నేను ఎఫ్/8లో తీశాను. 1.2ని 8తో భాగిస్తే 0.15 ఎంఎం మసక. ఈ సైజు ఫిల్ముకి 0.1 దాకా సర్దుకుపోవచ్చంటారు. అదే ఎఫ్/22లో తీసి ఉంటే 0.06 కూడా రాదు, నాకసలు తెలిసేదే కాదు.

ఇక్కడే మన సాఫ్టువేరు వాళ్ళకి సుపరిచితమైన సంగతొకటుంది. అంతకుముందు ఏడాదంతా నేను కొండలూ చెరువులూ ఎఫ్/22లో తీశాను. కొండకి నిలువు గీతలుండవు, ఎఫ్/22లో మసక కనపడదు. బగ్గు మొదటి రోజునుంచీ ఉంది, దాన్ని బయటపెట్టే ఇన్‌పుట్టే నేనివ్వలేదు. ఖాళీ క్యాచ్ బ్లాకు రాసి "ఎర్రర్లేం రావట్లేదు" అని మురిసిపోయినట్టు! ఇక ఆ బుడగ సంగతి, టెస్టు పాసైంది గానీ తప్పు టెస్టులోనే ఉంది.

ఈ గోడు చెప్పుకుంటే మిత్రులనుంచి మూడు రకాల సలహాలొచ్చాయి.

ఒకటి, "ఫొటోషాప్‌లో సరిచేసుకోవచ్చుగా?" చేశాను. స్తంభాలు నిలబడ్డాయి. కానీ పైభాగం సాగదీసేసరికి పక్కలు కోతపడ్డాయి, ఎడంవైపు నూతి గట్టు పోయింది. మసక మాత్రం మసకగానే ఉంది. ఫిల్ము మీద పడనిదాన్ని ఏ సాఫ్టువేరూ తిరిగి తేలేదు, తెచ్చినట్టు ఊహించి గీస్తే అవి మా పెంకులు కావు.

రెండు, "చవకది కొంటే అంతే, లిన్‌హాఫ్ టెక్నికా లాంటి లోహపు కెమెరా కొనాల్సింది." దాని పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే, కాదనను. ధరకీ, రెండున్నర కేజీల పైమాటే అయిన బరువుకీ కూడా పెట్టాలి. కానీ ఎంత ఖరీదైనదైనా చేతులు మారుతుంది, కిందపడుతుంది, మరలు వదులవుతాయి. కొన్న రోజున సరిగ్గా ఉండటం వేరు, తీసే రోజున సరిగ్గా ఉండటం వేరు.

మూడోది నాకు మరీ చిరాకు తెప్పించేది. "చెక్క కెమెరాకి ఆత్మ ఉంటుంది, కొలతలు చూడకూడదు." ఆత్మ సంగతేమో గానీ చెక్కకి చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మన కోస్తా ఉక్కలో అది తప్పదు. బరువు లెన్సు పెడితే ముందు చట్రం వంగుతుంది. మర బిగిస్తుంటే చట్రం కాస్త పక్కకి తిరుగుతుంది, అందుకే బిగించాక చూడాలి గానీ బిగించక ముందు కాదు. మడిచి సంచిలో పెట్టుకుని తిరగడానికి చేసిన వస్తువు కాబట్టి ఇవన్నీ ఉంటాయి. ఇవి లోపాలు కావు, తెలుసుకోవాల్సిన గుణాలు.

పాతవాళ్ళకి ఇది బాగా తెలుసు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాండర్సన్ అని ఒకాయన, వృత్తిరీత్యా వడ్రంగి, కట్టడాల ఫొటోల మీద మోజు. ఉన్న కెమెరాలు నచ్చక, ముందు చట్రాన్ని ఎటుకావాలంటే అటు వంచి బిగించుకునే ఏర్పాటు తనే చేసి 1895లో పేటెంటు తీసుకున్నాడు. ఎటైనా వంగుతుందంటే, తిన్నగా ఉందో లేదో చూసుకునే పూచీ కూడా వాడేవాడిదే. మన హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ (1844-1905) సంగతి చూడండి. ఆయన రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన మనిషి. మట్టం, తూకం ఆయనకి ఫొటోగ్రఫీ కంటే ముందొచ్చిన విద్యలు. గాజు పలకల మీద ఆయన తీసిన కట్టడాలు చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

ఇంతకీ నేను చెప్పేదేంటంటే, పరికరం వంకరగా ఉండటం పెద్ద సమస్య కాదు. ఎంత వంకరో మనకి తెలియకపోవడం సమస్య. కెమెరా మీది బుడగ కొలత కాదు, తయారుచేసినవాడి మాట. ఆ మాట నమ్మే ముందు ఒక్కసారి సరిచూసుకోవాలి.

అది పావుగంట పని. ముందు ఒక రసమట్టం తెచ్చుకోండి, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మంచిదైతే మీటరుకి అర ఎంఎం తేడా, అంటే 0.03 డిగ్రీ. దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట కొస మార్చి పెట్టండి. రెండుసార్లూ ఒకేచోట ఆగితే అది మంచిది. మా ఊరి తాపీమేస్త్రి కొత్త మట్టం కొనేముందు కొట్లోనే చేసే పరీక్ష ఇది. అప్పుడు దాన్ని గ్రౌండ్ గ్లాసు చట్రానికి ఆనించి నిలువు చేసి, కెమెరా బుడగ ఏమంటోందో చూడండి. తర్వాత రెండు చట్రాల మధ్య దూరం నాలుగు మూలలా కొలవండి. చివరగా దారానికి బరువు కట్టి గుమ్మానికి వేలాడదీసి, గ్రౌండ్ గ్లాసు ఎడమ అంచునా కుడి అంచునా ఆ దారం గళ్ళ గీతతో కలుస్తోందో లేదో చూడండి. ఏ తేడా ఉందో ఒక కాగితం మీద రాసి కెమెరా సంచిలో పడేయండి. ఫొటో తీసేటప్పుడు తలుపు ఒక్కటే కాకుండా పైన పెంకులూ, కింద మెట్లూ కూడా భూతద్దంతో చూడండి. ఆ రోజు నేను చెయ్యనిది అదే. ఆ తప్పు బుడగది కాదు, నాది.

నా కెమెరాకి మరమ్మతు ఏం చేశానంటారా? పాత కంపెనీ విజిటింగు కార్డు ముక్కలు రెండు బుడగ గొట్టం కింద ఒకవైపు పెట్టి మళ్ళీ అతికించా. ఖర్చు సున్నా. కొన్న రోజే చేసి ఉంటే నాన్నగారి గదిలో ఇప్పుడున్న ఫొటోలో ఆయన పుట్టిన ఇల్లు తిన్నగా నిలబడి ఉండేది.

ఆయన దాన్నే ఫ్రేము కట్టించుకున్నారు. వచ్చినవాళ్ళకి "ఇల్లు బానే ఉండేదండీ, మావాడి కెమెరాయే వంకర" అని చెబుతుంటారు.