తెలంగాణ శకుంతలను చూసి నవ్వినం, మరి చెల్లెను చూసి ఎందుకు నవ్వినం?



పోయిన ఆదివారం టీవీ హాల్లో 'నువ్వు నేను' (2001) చూసినం. తెలంగాణ శకుంతల నోరు తెరిచినప్పుడల్లా హాలంతా ఒకటే నవ్వు. నేనైతే కడుపు పట్టుకొని నవ్విన. తెల్లారి మెస్సులో, తండా నుంచి కొత్తగా వచ్చిన ఐదో తరగతి చెల్లె "అక్కా, పప్పు అయిపోయిండు" అన్నది. మళ్ళీ అందరం నవ్వినం. చెల్లె ప్లేటు అక్కడే పెట్టి పోయింది. ఈ రెండు నవ్వులు ఒకటేనా? కాదని నా అభిప్రాయం.

ఆమె అసలు పేరు కడియాల శకుంతల. 1951లో మహారాష్ట్రలో పుట్టింది. ఇంటి భాష మరాఠీ. అంటే తెలుగు ఆమెకు నేర్చుకున్న భాషే, మనకు లెక్కనే! మహబూబాబాద్ తండాలోళ్ళం ఇంట్ల గోర్ బోలి మాట్లాడుతం, భూపాలపల్లి దోస్తులు కొందరు కోయ మాట్లాడుతరు. బడికి వచ్చినంకనే తెలుగు పట్టుబడ్డది. తప్పులు రాకుండ ఎట్ల ఉంటయి?

సినిమాలకంటే ముందు ఆమె నాటకాలు వేసింది. స్టేజి మీద ఆఖరి వరుసల కూర్చున్నోళ్ళకు గూడ మాట వినపడాలె. ఆమె గొంతుల ఆ బలం సినిమాలల్ల గూడ కనపడుతది. మొదటి సినిమా 'మా భూమి' (1979), తెలంగాణ సాయుధ పోరాటం కథ. జనగామ దోస్తులకు ఆ పోరాటం గురించి నేను చెప్పేదేమున్నది, ఐలమ్మది పాలకుర్తి, కొమురయ్యది కడవెండి. తర్వాత 'ఒసేయ్ రాములమ్మ' (1997)ల చేసింది. 'ఒక్కడు' (2003)ల రాయలసీమ మాట పలికింది. మరాఠీ ఇంట్ల పుట్టినామె ఏ ఊరి యాసను ఆ ఊరోళ్ళ లెక్క పలికిందంటే ఎంత చెవి పెట్టి విన్నదో! చివరికి తెలంగాణ అనేదే ఆమె ఇంటిపేరు అయ్యింది. 2014 జూన్ 14న హైదరాబాదుల చనిపోయింది. అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి పన్నెండు రోజులే.

ఆమె ఎక్కడ నవ్వించాల్నో తనే అనుకొని నవ్వించింది. చెల్లె మనల్ని నవ్వించాలని అనుకోలేదు, పప్పు అడిగింది.

సినిమావాళ్ళ మీద గూడ నాకు కోపమే. అంత పెద్ద నటికి ఎక్కువగ అరిచే వేషాలు, తిట్టే వేషాలే ఇచ్చిండ్రు. మన యాసంటే తిట్లకే పనికొస్తదా? "సరదాకే గదా, ఇంత ఆలోచన ఎందుకు" అని మా రూంల ఒకామె అన్నది. సరే, మన వార్షికోత్సవం నాటకం చూడుండ్రి. డాక్టరమ్మది పుస్తకం తెలుగు, పనిమనిషిది తండా తెలుగు. రాసింది ఎవరో కాదు, మనమే. పనిమనిషి వేషం నాదే. బాగ చేస్తనని మెచ్చుకుంటే నేను గూడ సంతోషపడ్డ.

మేడం గారికి నా మనవి ఒక్కటే. డాక్టరమ్మ మాటలు మన మాటల్ల తిరగరాయనియ్యండి. నవ్వించే మాటలు ఉండనీ, అవి గూడ డాక్టరమ్మకే ఇద్దాం. శనివారం స్టడీ అవర్ అయినంక రిహార్సల్ ఉన్నది. డాక్టరమ్మ వేషం వెయ్యమని ఆ చెల్లెను అడిగిన. ఇంక ఒప్పుకోలేదు. నాతోని మాట్లాడుతలేదు గూడ.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని