రెండు ఏలుబడుల నడుమ మునగాల

సూర్యాపేట నుంచి కోదాడకు ఇవాళ జాతీయ రహదారి మీద గంటలోపే చేరుకోవచ్చు. 1947కు ముందు అదే దారిన వెళ్లే మనిషి రెండుసార్లు సరిహద్దు దాటాల్సి వచ్చేది. సూర్యాపేట నిజాం రాజ్యం, మునగాల బ్రిటిష్ ఇండియా, కోదాడ మళ్లీ నిజాం రాజ్యం. జగ్గయ్యపేట వైపు సాగితే తిరిగి ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణాకు నలువైపులా నిజాం ఇలాకాయే. పరగణాలో బ్రిటిష్ కలదారు రూపాయి చెల్లితే, పక్క ఊళ్లో నిజాం హాలీ సిక్కా నడిచేది. ఆరు కలదార్లకు ఏడు హాలీ రూపాయలు మారకం. సరుకు హద్దు దాటితే నిజాం కరోడ్‌గిరీ శాఖకు సుంకం చెల్లించాలి.

ఈ హద్దు గీసినప్పుడు ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు. మద్రాసు, కలకత్తాల మధ్య తీరమంతా తమ చేతిలో ఉండాలన్నది ఈస్టిండియా కంపెనీ ఆశ. తీరం దక్కితే ఫ్రెంచివాళ్లకు చోటుండదు, నేత బట్టల వ్యాపారం నిలుస్తుంది, శిస్తు చేతికొస్తుంది. 1766లో నిజాం అలీఖాన్‌తో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. ప్రతిఫలంగా ఏటా నిజాంకు పేష్కష్ (కప్పం) చెల్లిస్తామని కంపెనీ మాటిచ్చింది.

ఆ మాట ఎలా ముగిసిందో చూస్తే సామ్రాజ్యవాదం పనితీరు అర్థమవుతుంది. 1798లో సైన్య సహకార ఒప్పందం కింద కంపెనీ పటాలాలు హైదరాబాదులో దిగాయి. కాపలా కంపెనీది, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు చేజారాయి. అటు హైదరాబాదులోని ప్రైవేటు వడ్డీ సంస్థ పామర్ కంపెనీ నిజాం సర్కారుకు ఏటా నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు రూపాయల వడ్డీకి అప్పులిచ్చింది. చివరికి 1823లో ఆ బాకీ తీర్చడానికి ఈస్టిండియా కంపెనీ కోటి రూపాయల పైచిలుకు ఇచ్చి, సర్కారుల పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేయించుకుంది. 1853లో హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం బాకీల పేరుతో పత్తి పండే బేరార్ పోయింది. దాన్ని 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు చేయించుకున్నాడు.

ఇంత తీసుకున్నాక కూడా నిజాంను గద్దె మీదే ఉంచారు. అలా ఉంచడమే వాళ్లకు లాభం. రాజ్యం మొత్తాన్ని తామే ఏలాలంటే కలెక్టర్లు కావాలి, పోలీసులు కావాలి, తిరుగుబాట్లను తట్టుకోవాలి. స్థానిక ప్రభువును నిలబెట్టి పైనుంచి అజమాయిషీ చేస్తే ఆ భారం తప్పుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఉత్తర నైజీరియాలో బ్రిటిష్ పాలకుడు లుగార్డ్ అక్కడి ఎమీర్లను ముందుంచి ఇలాంటి పాలనే నడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కోట్ల రూపాయల సాయం చేసిన నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు 1918లో బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడన్న బిరుదు దక్కింది. ఆ మైత్రి బరువు మోసింది పల్లెలు.

ఎలా మోశాయో పాత నల్లగొండ జిల్లా చెబుతుంది. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాల భూమి ఉండేది. గడిలో పని పడితే ఊరంతా వెట్టికి కదలాలి. మాదిగలు చెప్పులు, మోటకు తోలు సామాను ఇవ్వాలి. గౌండ్లవాళ్లు కల్లు కుండలు దింపాలి. కుమ్మరి కుండలు, సాలె బట్టలు ఊరికే ఇవ్వాలి. చాకలి బరువులు మోయాలి. దొర మేనాలో బయల్దేరితే బోయీలతో పాటు పరిగెత్తడానికి మనుషులు కావాలి. తన పొలంలో నాటు ఆపుకొని దొర పొలంలో నాటు వేయాలి. బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో రబ్బరు కోసం మనుషుల చేతులు నరికించిన క్రౌర్యంతో దీన్ని సమానం చేయడం సరికాదు. కానీ కూలి లేకుండా పని చేయించుకోవడానికి అధికారాన్ని స్థానికుల చేతిలో పెట్టడం రెండు చోట్లా కనిపిస్తుంది.

హద్దుకు ఇవతల బతుకు వేరుగా ఉందా అంటే, రైతు వరకు పెద్దగా లేదు. మునగాల పరగణాలో దేశ్‌ముఖ్ స్థానంలో జమీందారు ఉండేవాడు. అక్కడా వెట్టి ఉంది, అక్రమ వసూళ్లు ఉన్నాయి. 1930లలో పరగణా రైతులు వాటి మీద పోరాడారు. ఒక పక్క నిజాం పసుపు జెండా, మరో పక్క యూనియన్ జాక్ ఎగిరినా, పన్ను వసూలు చేసే మధ్యవర్తి రెండు ప్రభుత్వాలకూ ఒకేలా అవసరమయ్యాడు.

ఇక్కడో అభ్యంతరం వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఆనకట్టలు కట్టలేదా, చదువు తేలేదా అని. నిజమే, బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. అంతకుముందు 1832-33 డొక్కల కరువులో గుంటూరు జిల్లాలో లక్షకు పైగా జనం చనిపోయారు, శిస్తు రాబడి కుప్పకూలింది. ఆనకట్ట కడితే నీటి తీరువా వస్తుందని, పెట్టుబడి తిరిగొస్తుందని లెక్క తేలాకే డబ్బు విడుదలైంది. డెల్టా పచ్చబడింది, కాదనలేం. అదే కృష్ణ మిర్యాలగూడ తాలూకా అంచున వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొని సాగిపోతుంటే, ఆ నీళ్లు కాలువ ద్వారా మిర్యాలగూడ, కోదాడ పొలాలకు చేరడానికి నాగార్జున సాగర్ కావలసి వచ్చింది. నెహ్రూ 1955లో శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు విడుదలయ్యాయి.

మునగాలకు మరో చరిత్ర కూడా ఉంది. నడిగూడెం గడి నుంచి పాలించిన రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనకు తోడ్పడ్డారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలిసింది. జాతీయ జెండా రూపకర్తగా పేరొందిన పింగళి వెంకయ్య నడిగూడెంలో ఉంటూ పత్తి మీద పరిశోధనలు చేశారు. అయితే సామ్రాజ్యం ఈ పనులకు పునాది వేసిందనడం పొరపాటు. రెండు ప్రభుత్వాల చట్టాలు వేరుగా ఉండటం వల్ల మిగిలిన సందును తెలుగువాళ్లు వాడుకున్నారు. తర్వాతి కాలంలో నిజాం వైపు సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద అనుమతి కావలసి వచ్చేది. పరగణాలో ఆ ఆంక్ష వర్తించేది కాదు.

ఆ సందు తర్వాత పోరాటానికీ పనికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం రాక ఆగింది. నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర లెవీ ధాన్యం గుంజింది. పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు, చిన్న రైతుల గాదెలు ఖాళీ అయ్యాయి. అప్పటికే 1941లో కోదాడ పక్కన చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక లెవీ కోపం, వెట్టి కోపం, భూమి ఆకలి కలిసి సాయుధ పోరాటమయ్యాయి. నిజాం పోలీసులు వెంటపడితే ఉద్యమకారులు మునగాల పరగణాలోకి, కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్లలోకి తప్పుకునేవారు. శిస్తు కోసం గీసిన గీత కొన్నాళ్లు ప్రాణాలు కాపాడింది. మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు, హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయ్యాయి.

ఇంత చరిత్ర ఉన్న ప్రాంతంలో పిల్లలు ఆఫ్రికా పంపకాల బెర్లిన్ సమావేశం తేదీలు బట్టీ పట్టి, మునగాల పేరు వినకుండానే బడి దాటుతున్నారు. అది మారాలి. ఆ పల్లెల రికార్డులు కొన్ని మద్రాసు పాలన కింద ఇంగ్లీషులో, మరికొన్ని నిజాం దఫ్తరాల్లో ఉర్దూ, ఫార్సీల్లో చెల్లాచెదురయ్యాయి. 2016లో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో ఇప్పుడు హద్దుకు రెండు వైపుల ఊళ్లూ ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. ఆ కాగితాల నకళ్లు తెప్పించి తెలుగులోకి మార్పించాలి. నడిగూడెంలో ఒక ప్రదర్శనశాల పెట్టాలి. లెవీ, వెట్టి రోజులు గుర్తున్న వృద్ధులు ఊరికొకరు మిగిలినా, వాళ్ల మాటలు ఈ ఏడాదే రికార్డు చేయించాలి.