ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’

మార్చి దాటితే కమ్మర్‌పల్లి నుంచి బోధన్ దాకా ఏసీ మెకానిక్‌లు దొరకడమే కష్టం. వచ్చినా ఒకటే మాట: ‘గ్యాస్ అయిపోయింది, నింపాలె.’ కానీ ఆ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే లీకైనట్టే. మరి అది ఎక్కడికి పోయింది? ఫస్టియర్ కెమిస్ట్రీని పాస్ మార్కులతో గట్టెక్కిన మనలో ఎంతమందికి ఈ డౌట్ వస్తుంది చెప్పండి?

వీరభద్రన్ రామనాథన్‌కి మొదటి ఉద్యోగమే ఆ లీకేజీ. అన్నామలై యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లోని ఓ ఫ్రిజ్‌ల కంపెనీలో చేరారు. శీతలీకరణ వాయువు ఎందుకు లీకవుతోందో తేల్చాలి. ఆ పని ఆయనకు పెద్దగా నచ్చలేదు. తర్వాత అమెరికా వెళ్లి పీహెచ్‌డీలో గ్రహాల వాతావరణం వైపు మళ్లారు. 1974లో మొలీనా, రోలాండ్ ఇవే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్‌ను తినేస్తాయని చెప్పారు. రామనాథన్‌కు అవి పాత పరిచయమే. మరుసటి ఏడాదే ఇంకో సంగతి బయటపెట్టారు: అవి వేడినీ పట్టి ఉంచుతాయి, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 10 వేల రెట్లు!

1987 మాంట్రియల్ ఒప్పందంతో సీఎఫ్‌సీలు తగ్గాయి. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ను ముట్టుకోవు గానీ వేడిని వదలవు. ఇప్పటి ఏసీల్లో ఉండే ఆర్-32 ఒక్క కిలో లీకైతే, వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే 2016లో కిగాలి సవరణ వచ్చింది. దాని ప్రకారం మన దేశం 2028లో హెచ్‌ఎఫ్‌సీల వాడకం పెరగకుండా ఆపాలి, 2032 నుంచి తగ్గించాలి, 2047కల్లా 85 శాతం కోత పెట్టాలి.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఆ 2028ని గుర్తుపెట్టుకోవాలి. ప్రత్యామ్నాయాల్లో ప్రొపేన్ లాంటివి మండే వాయువులు. డిజైన్ మారాలి, లీకు పసిగట్టే సెన్సర్లు కావాలి, పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టాలి. ఇదంతా మెకానికల్, కెమికల్, పాలిటెక్నిక్ వాళ్ల పనే. అమీర్‌పేట కోర్సులు వద్దని నేననను, నాకూ అన్నం పెట్టేది కోడింగే. కానీ కోర్ బ్రాంచ్ చచ్చిపోయిందనే మాట మాత్రం ఒప్పుకోను.

పరిశోధన ఇష్టమైతే తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ కూడా ఉంది. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్‌ది చూసి పోల్చుకోకండి, తక్కువే ఉండొచ్చు.