ఆగిన రాబడి వేరు, పోయిన రాబడి వేరు

రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి వ్యాపారం పన్నెండు నెలలూ సాగేది కాదు. పూత మీదనో పిందె మీదనో తోట గుత్తకు తీసుకున్నవాడు అడ్వాన్సు ముందే కడతాడు. మందులు, నీళ్ళు, కాపలా ఖర్చులన్నీ అప్పు తెచ్చి పెడతాడు. ఆ డబ్బంతా తిరిగి రావలసింది ఏప్రిల్, మే నెలల్లోనే. 2020లో మార్చి 25న మొదలై మే 31 దాకా నడిచిన లాక్‌డౌన్ సరిగ్గా ఆ రోజుల మీదే పడింది. సరుకు లారీలు తిరగవచ్చన్నారు, నిజమే. కానీ ఊళ్ళలో జ్యూస్ షాపులు, హోటళ్ళు మూతపడి, పెళ్ళిళ్ళు ఆగిపోతే బంగినపల్లికి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏటా వేసవి ముహూర్తాల మీదే బతికే షామియానాల వాళ్ళు, వంటవాళ్ళు, ఫొటోగ్రాఫర్ల సంగతీ అంతే. మేలో అమ్ముడుపోని కాయ ఆగస్టులో అమ్ముడుపోదు. వీళ్ళ రాబడి ఆలస్యం కాలేదు, పూర్తిగా పోయింది. ఆ ఏడాది ప్రభుత్వాలు ఇచ్చిన సాయంలో పెద్ద భాగం ఈ తేడాను పట్టించుకోలేదన్నదే నా అభ్యంతరం.

కేంద్రం ఇచ్చిన వాటిలో అతి పెద్దది 2020 మే 13న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన 3 లక్షల కోట్ల రూపాయల అత్యవసర రుణ హామీ పథకం. తాకట్టు అక్కర్లేదు, ఏడాది పాటు అసలు కట్టనక్కర్లేదు, బాకీ ఎగ్గొడితే బ్యాంకుకు పూర్తి హామీ కేంద్రానిదే. అయితే అప్పు ఎంత ఇవ్వాలన్నది నిర్ణయించిన తీరు చూడండి: 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న బాకీలో 20 శాతం. పది లక్షల బాకీ ఉన్న మిల్లు యజమానికి రెండు లక్షలు వస్తాయి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఊళ్ళో అప్పు తెచ్చి తోట గుత్తకు పట్టినవాడికి బ్యాంకు బాకీయే లేదు. సున్నాలో 20 శాతం సున్నాయే. రిజర్వు బ్యాంకు ఆరు నెలల మారటోరియం కూడా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల కిస్తీలకే వర్తించింది. అప్పిచ్చిన షావుకారు మారటోరియం ఇవ్వడు కదా! 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు 6.34 కోట్లు. పథకాన్ని 5 లక్షల కోట్లకు పెంచి 2023 మార్చి దాకా పొడిగించినా, అందులో లబ్ధి పొందినవాళ్ళు కోటి దాటి కొంచెం. మిగతావాళ్ళు బ్యాంకు లెక్కల్లోనే లేరు.

ఈ పథకం దండగ అనడం లేదు. దీనివల్ల 13.5 లక్షల ఖాతాలు మొండిబాకీలు కాకుండా నిలిచాయని స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం 2022 జనవరిలో అంచనా వేసింది. ఆర్డర్లు చేతిలో ఉండి, డబ్బు రావడం మాత్రమే ఆలస్యమైన ఫ్యాక్టరీకి అప్పు సరైన మందే. రాబడే పోయినవాడికి మాత్రం అది వచ్చే ఏటి సంపాదనను ఈ ఏడే తినేయమనడం అవుతుంది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం చేసినదాంట్లో ఈ తేడాను పట్టించుకున్నవీ, పట్టించుకోనివీ రెండూ కనిపిస్తాయి. 2020 మే నెలలో చిన్న పరిశ్రమల కోసం వచ్చిన రీస్టార్ట్ ప్యాకేజీలో పెద్ద వాటా 905 కోట్ల పాత ప్రోత్సాహకాల బకాయిలది. మే 22న మొదటి విడతగా 450 కోట్లు విడుదల చేశారు. ఏళ్ళ తరబడి పెండింగులో పడిన సొమ్ము ఇవ్వడం మంచిదే, కానీ ప్రభుత్వం తన బాకీ తీర్చుకోవడాన్ని సాయం అనలేం. ఆ ప్యాకేజీలో నాకు బాగా నచ్చింది ఏప్రిల్ నుంచి జూన్ దాకా చిన్న పరిశ్రమలకు కరెంటు ఫిక్స్‌డ్ చార్జీల మాఫీ. మిషన్ తిరగకపోయినా మీటరు మీద పడే ఖర్చది, దాన్ని తీసేస్తే యజమాని నెత్తిన కొత్త అప్పేమీ పడదు. జూన్ 10న జగనన్న చేదోడు కింద దర్జీలు, రజకులు, నాయీబ్రాహ్మణులు 2,47,040 మందికి తలా పదివేలు ఖాతాల్లో వేశారు. తిరిగి కట్టనక్కర్లేని డబ్బది. ఏప్రిల్‌లో మానేసిన క్షవరాన్ని జూన్‌లో ఎవరూ రెండుసార్లు చేయించుకోరు గనక అలా ఇవ్వడమే న్యాయం. అయితే మూడు వృత్తులకు సరిపోయిన న్యాయం టీకొట్టుకు, ఫ్యాన్సీ షాపుకు, షామియానాల వాళ్ళకు ఎందుకు సరిపోలేదు? వీధి వ్యాపారులకు కేంద్రం స్వనిధి పేరుతో, రాష్ట్రం జగనన్న తోడు పేరుతో ఇచ్చిన పదేసి వేలూ అప్పులే.

అందరికీ తిరిగి కట్టనక్కర్లేని డబ్బే ఇవ్వాలంటే ఖజానాలో అంత డబ్బెక్కడిది అన్నది మొదటి అభ్యంతరం. పైన చెప్పిన జాతీయ నమూనా సర్వే మన రాష్ట్రంలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు 33.87 లక్షలని చెప్పింది. అందరికీ పదివేల చొప్పున ఇచ్చినా 3,387 కోట్లు. 2020-21 రాష్ట్ర బడ్జెట్ 2,24,789 కోట్లు. అంటే అందులో ఒకటిన్నర శాతం. తేలిక అనను, అసాధ్యమూ కాదు. కేంద్రం సగం భరించి ఉంటే ఇంకా తేలికయ్యేది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అమెరికా 800 బిలియన్ డాలర్ల పేచెక్ ప్రొటెక్షన్ పథకంలో మాఫీ అయ్యే అప్పులు ఇచ్చింది. ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహ పరిశోధకుల లెక్కలో, ఉద్యోగం పోయే ప్రమాదమున్న కార్మికులకు చేరింది అందులో 23 నుంచి 34 శాతమే, తక్కినది యజమానులకు, వాటాదారులకు, అప్పిచ్చినవాళ్ళకు పోయింది. ఉచితంగా ఇస్తే ఇలాగే జరుగుతుందని చెప్పడానికి దీన్ని చూపుతారు. అక్కడ డబ్బు అంత దారి తప్పింది హడావిడిలో ఎవరికి అవసరమో విడదీయలేక, ఎవరు అడిగితే వాళ్ళకు పెద్ద మొత్తాలు ఇచ్చినందువల్ల. మన దగ్గర మొత్తం చిన్నది, పైగా టీకొట్టులో యజమానీ కార్మికుడూ చాలాచోట్ల ఒకరే. విడదీయడానికి సాధనాలూ ఉన్నాయి. కమర్షియల్ మీటరుకు సర్వీసు నంబరుంది, అంతకుముందు ఏటి ఏప్రిల్ బిల్లు పక్కన ఆ ఏటి బిల్లు పెడితే కొట్టు మూతపడిందో లేదో తెలుస్తుంది. మీటరు లేని గుత్త వ్యాపారికి మార్కెట్ యార్డు రసీదులుంటాయి. చేదోడు జాబితాలను గ్రామ, వార్డు సచివాలయాల్లో గోడకంటించినట్టే ఇలా తేలిన పేర్ల జాబితానూ అంటిస్తే, దొంగ పేరు ఉంటే ఊరే పట్టిస్తుంది. ఈ జాబితా తయారు చేయాల్సింది విపత్తు వచ్చాక కాదు, మామూలు రోజుల్లో. ఏటా ఒకసారి సచివాలయ సిబ్బంది మండలంలోని కొట్లనూ గుత్తదారులనూ నమోదు చేసి, ఎవరి వ్యాపారం ఏ నెలల మీద ఆధారపడిందో అందులో రాసి ఉంచితే చాలు.