కమిటీలో తండా బిడ్డకు కుర్చీ ఏదీ?

ఆ మధ్య ఎల్లారెడ్డి దగ్గరి ఒక తండాకు వెళ్లాను. వేరే జిల్లాలో డాక్టరు చదువుతున్న ఒక అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. తండా అంతటికీ ఆమె గర్వకారణం. ఆమె మాత్రం ముభావంగా కూర్చుంది. తల్లి నీళ్లకు పోయాక మెల్లగా చెప్పింది. వార్డులో సీనియర్లు ఆమెను పేరుతో పిలవరట, "కోటా డాక్టరమ్మా" అంటారట.

"కమిటీకి రాసియ్యకపోయినవా చెల్లె?" అన్నాను.

"కమిటీల ఉన్నోళ్లు మా సార్లే కదక్కా. రేపు ప్రాక్టికల్స్‌ల మార్కులేసేది గూడ వాళ్లే. మా తండాలోళ్ల అసుంటి పిల్ల ఒక్కతన్న ఉంటే చెప్పుకుంటుంటి" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2022 సెప్టెంబరులో రాష్ట్రం గిరిజన రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచింది. తండా ఆడపిల్లలకు వైద్య విద్య దగ్గరైంది. సంతోషమే. కానీ సీటు దొరకడం ఒకటి, ఆ సీట్లో తలెత్తుకుని కూర్చోవడం మరొకటి.

2019 మేలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ, 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాల విద్యార్థిని డాక్టర్ ప్రీతి ప్రాణాలు కోల్పోయారు. ఒకరు ఆదివాసీ, ఒకరు లంబాడా బిడ్డ. ఇద్దరూ పీజీ చేస్తున్నవారే. సీనియర్లు వేధించారని ఇద్దరి కుటుంబాలూ ఆరోపించాయి, కేసులయ్యాయి. పిల్ల బతికుండగానే పెద్దలకు మొరపెట్టుకున్నామని రెండు కుటుంబాలూ చెప్పాయి. అంతకుముందే, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్ష ఉందని థోరట్ కమిటీ తేల్చింది. తెలియక జరుగుతున్నవి కావు ఇవి.

మరి నియమాలేమంటున్నాయి? 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ర్యాగింగ్ నిరోధక కమిటీలో అధ్యాపకులు, పోలీసులు, పత్రికలవాళ్లు, తల్లిదండ్రులు, విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఉండాలి. స్త్రీలూ పురుషులూ ఉండాలని కూడా రాశారు. గిరిజన విద్యార్థులు ఉండాలన్న మాట మాత్రం ఆ జాబితాలో లేదు.

లైంగిక వేధింపుల కమిటీలో సగం మందైనా స్త్రీలుండాలని 2013 చట్టం చెప్పింది. అది మనకు ఊరికే రాలేదు. మగవాళ్లు నిండిన గదిలో ఆడది నోరు విప్పలేదని మనం ఏళ్ల తరబడి వాదించాం. అదే వాదన తండా పిల్లకు వర్తించదా? ఆడవాళ్లుంటే చాలు, ఏ ఆడవాళ్లయినా ఒకటేనని మనమెలా అనగలం? పాయల్ కేసులో నిందితులైన సీనియర్లు స్త్రీలే.

"ఒక్క కుర్చీతో ఏమవుతుంది?" అని అడిగేవాళ్లున్నారు. నిజమే. సర్పంచి భార్యదై, పెత్తనం భర్తదైన పంచాయతీలను మనం చూశాం. అందుకే ప్రిన్సిపాల్ ఎంపిక చేసే మెతక పిల్ల వద్దు. గిరిజన విద్యార్థులు, హౌస్ సర్జన్లు తామే ఎన్నుకునే ఇద్దరు కావాలి, అందులో ఒకరు స్త్రీ కావాలి. ఫిర్యాదు వినే అధ్యాపకులు ఆ పిల్లకు మార్కులేసేవాళ్లు కాకూడదు. తీసుకున్న నిర్ణయం రాతపూర్వకంగా ఇవ్వాలి.

చివరగా మన సంగతి. ఆ కమిటీలో స్వచ్ఛంద సంస్థకు ఒక కుర్చీ ఉంది. మన జిల్లాల్లో ఆ కుర్చీలో ఎవరున్నారో ఎప్పుడైనా అడిగామా? మనలో ఒకరు అక్కడ కూర్చున్నా, తండా పిల్ల తరఫున మనమే మాట్లాడేస్తే ఆమె మళ్లీ మూగదే అవుతుంది. ఆమె కుర్చీ ఆమెకు వచ్చేదాకా అడగడం మన పని. వచ్చాక, ఆమె మాట్లాడుతుంటే వినడం కూడా మన పనే.