పటం మిగిలింది, కథ చెప్పేదెవరికి?

చేర్యాల పటం పాతబడితే నదిలో వదిలేసేవారు. రంగులు రాలి, గుడ్డ చీలికలై, ఇక ఊరూరా మోయడానికి పనికిరాదనుకున్నాక కథకులు మళ్ళీ బొమ్మలు రాసే నకాషీల గడప తొక్కేవారు. పాతది ముందు పెట్టుకొని కొత్తది రాయించుకునేవారు. చివర్న దేవుళ్ళకు కళ్ళు దిద్ది, పూజ చేసి, కొత్త పటం చుట్టుకొని వెళ్ళేవారు. పాత పటం నీళ్ళపాలు. ఈ సంగతి చెబితే మ్యూజియం వాళ్ళ గుండె గుభేలుమంటుంది. నూరేళ్ళ బొమ్మల్ని చేతులారా గంగలో కలుపుతారా అని. వాళ్ళ బాధ వాళ్ళది. కానీ ఆ కలపడంలోనే నకాషీకి మళ్ళీ పని దొరికేది, ఏ ఘట్టం ఎక్కడ ఎంత రాయాలో కథకుడు మళ్ళీ దగ్గరుండి చెప్పాల్సి వచ్చేది. పాత పటాలు కొనేవాళ్ళు వచ్చాక అవి నదికి బదులు గాజు అద్దాల వెనక్కి చేరాయి. బొమ్మ బతికింది. దాన్ని చూపించి కథ చెప్పేవాళ్ళు, ఆ కథ తమదనుకొని వినేవాళ్ళు ఏమయ్యారన్నది మాత్రం మన పరిశోధనల్లో ఎప్పుడూ ఆఖరి పేజీ సంగతే.

యునెస్కో 2003లో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ కోసం ఒక ఒడంబడిక చేసింది. మన దేశం 2005లో అందులో చేరింది. పరిరక్షణ అంటే ఏమేం చేయాలో అందులో వరసగా ఉంది: గుర్తించడం, నమోదు చేయడం, పరిశోధించడం, ప్రచారం, తరం నుంచి తరానికి అందించడం, ఇంకా కొన్ని. మనం మొదటి రెండు మూడు మెట్ల దగ్గరే చాపేసుకొని కూర్చున్నాం. రికార్డర్ పట్టుకొని ఊరికి వెళ్ళడం, కథ ఎక్కించుకురావడం, రాసుకొని అచ్చువేయడం. అదే పరిశోధన, అదే పరిరక్షణ.

ఆ పని చిన్నదని అనడం లేదు. బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేయకపోతే విశ్వవిద్యాలయాల్లో ఈ విషయానికి పీట వేసేవారే కాదు. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను రికార్డు చేసుకొని, ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం వేశాడు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం పెట్టింది. జయధీర్ తిరుమలరావు ఆదివాసీ గూడేలు తిరిగి, మనం పేర్లు కూడా వినని వాద్యాలను పోగు చేశారు. ఇదంతా లేకపోతే ఇవాళ మనకు మాట్లాడుకోవడానికైనా ఏమీ ఉండేది కాదు.

అయితే ఈ పెద్దల వెనక వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటిది ఒకటే మూస. పుట్టుపూర్వోత్తరాలు, కథాసంగ్రహం, పాత్రచిత్రణ, భాషావిశేషాలు. చివర్లో ‘ఈ కళ అంతరించిపోతోంది, ప్రభుత్వం ఆదుకోవాలి’ అని ఒక పేరా. ఆ పేరా రాయడానికి ఊరికి వెళ్ళక్కర్లేదు.

పోనీ పాఠం ఎక్కించడమే లక్ష్యమనుకుంటే, అందులో గొప్ప ఉదాహరణ మన పక్కనే ఉంది. ఫిన్లాండ్ పండితుడు లౌరి హాంకో, కర్ణాటక తీరంలోని తుళు పండితులతో కలిసి 1990 డిసెంబరులో గోపాల నాయక అనే గాయకుడి నోట సిరి కథను రికార్డు చేశాడు. అచ్చులో 15,683 పంక్తులు వచ్చింది. నాకు నచ్చింది ఆ అంకె కాదు. ఒక గాయకుడి బుర్రలో కథ అచ్చుపుస్తకంలా ఉండదని, ఎవరు వింటున్నారు, ఎంత పొద్దుంది, జాతరలో పాడుతున్నాడా గదిలో పాడుతున్నాడా అన్నదాన్నిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది అని హాంకో తేల్చి చెప్పాడు. అంటే అంత పెద్ద పుస్తకం కూడా ఒక్కసారి పాడిన పాటే. అలాంటప్పుడు మనం ‘అసలు పాఠం’ దొరికిందని సంబరపడటంలో అర్థం లేదు. పాడే సందర్భం ఎలా నిలబడుతోంది, ఎందుకు కూలుతోంది అన్నది వెతకాలి.

పల్నాటి వీరుల కథకు కారెంపూడిలో ఆ సందర్భం ఇంకా ఉంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు భుజానికెత్తుకొని వస్తారు, నాగులేటిలో కడుగుతారు, మందపోరు నాడు అందరూ కలిసి తినే చాపకూడు పెడతారు. ఏ రోజు ఏ ఘట్టం రావాలో ఊరికి తెలుసు. ఇక్కడ కథను కాపాడుతున్నది టేపు కాదు, మొక్కు. ఉత్సవం జరిగినన్నాళ్ళూ కథ పాడే వీరవిద్యావంతులతో ఊరికి పని ఉంటుంది.

పటం కథలకు అలాంటి జాతర లేదు. వాటికున్నది మిరాశీ, అంటే ఊళ్ళ మీద వంశపారంపర్య హక్కు. తెలంగాణలో ఈ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉండేదో చూడండి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్ళు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్ళు పటానికి బదులు కొయ్యబొమ్మలు వరసగా పేర్చి చెబుతారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్ళ నోట వినాలి. ఒక కుటుంబానికి ఇన్ని ఊళ్ళని వాటాలుండేవి. ఇంకొకరి ఊళ్ళో అడుగుపెడితే తగాదా, పంచాయితీ. అన్నదమ్ములు విడిపోతే పొలాలు పంచుకున్నట్టే ఊళ్ళనూ పంచుకునేవారు. వాళ్ళు వచ్చినప్పుడు ధాన్యమో, బట్టలో, డబ్బో ఇవ్వడం ఆ కులంవాళ్ళ బాధ్యత. మూడడుగుల వెడల్పు, ముప్ఫై అడుగులకు పైబడిన పొడవున్న పటం ఆ రాబడి మీదే నడిచింది. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద ఉడత వెంట్రుకల కుంచెతో బొమ్మలు తేల్చాలంటే నకాషీ కుటుంబమంతా కూర్చోవాలి. కథకుడు ఆ ఖర్చు పెట్టుకోగలిగేవాడు, ఎందుకంటే పటం విప్పితే తరతరాలకు తిండి పెట్టే ఊళ్ళున్నాయి.

ఈ ఊళ్ళ పటం ఎవరైనా గీశారా? ఏ కుటుంబానికి ఏయే ఊళ్ళు, వాటిలో ఏ ఊళ్ళో ఆఖరిసారి కథ ఎప్పుడు జరిగింది, ఎందుకు ఆగింది? కథ ఎక్కించుకోవడానికి ఒక రాత్రి చాలు. ఈ లెక్క తీయడానికి ఏళ్ళు తిరగాలి, అందుకే ఎవరూ దీని జోలికి పోరు. కానీ పరిరక్షణకు పనికొచ్చే పరిశోధన ఇదే. వినేవాళ్ళే ఊరు వదిలేశారనుకోండి, చెప్పేవాడికి శిక్షణ శిబిరం పెట్టి ప్రయోజనమేముంది? మగ్గం పడిపోయాక పద్మశాలీలు షోలాపూర్ వెళ్ళారు, భివండీ వెళ్ళారు, సూరత్ వెళ్ళారు. అక్కడ తెలుగు పేటలే వెలిశాయి. మార్కండేయుడి గుళ్ళూ కట్టుకున్నారు. మార్కండేయ పురాణం మీద పనిచేసే పరిశోధకుడు సిద్దిపేట జిల్లాలోనే తిరుగుతూ కూర్చోకుండా ఒకసారి భివండీ రైలెక్కాలి. అక్కడి పిల్లలకు ఆ కథ ఎంత తెలుసు, మిరాశీ మాట ఎవరికైనా గుర్తుందా, పిలిస్తే వినడానికి వస్తారా అని అడగాలి.

ఇంకో చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. జాంబపురాణం వినే మాదిగలు ఆ కథలో తమ పూర్వీకుణ్ణి సృష్టికి మొదట నిలబెట్టుకుంటారు. ఆ కథ చెప్పే డక్కలివాణ్ణి మాత్రం వాడ బయటే ఉంచిన చరిత్ర ఉంది. ఊరు మాదిగను దూరం పెడితే, మాదిగవాడ డక్కలిని దూరం పెట్టింది. అలాంటి ఇంట పుట్టిన కుర్రాడు ‘నాకీ కిన్నెర వద్దు, డిగ్రీ చదువుకుంటా’ అంటే, వారసత్వం పోతోందని నెత్తి బాదుకునే హక్కు మనకెక్కడిది? మనుషుల పరస్పర గౌరవానికి, మానవ హక్కులకు సరిపడే వారసత్వాన్నే పరిగణిస్తామని యునెస్కో ఒడంబడిక కూడా మొదట్లోనే ఒక షరతు పెట్టుకుంది. కాబట్టి పరిశోధకుడు మొదట అడగాల్సింది ‘మీకిది కావాలా, కావాలంటే ఏ రూపంలో?’ అని. యాచనగా వద్దు, పాఠంగా చెబుతామని ఎవరైనా అనొచ్చు. కథ ఉంచి కట్టుబాటు తీసేయమనొచ్చు. పూర్తిగా వద్దనొచ్చు కూడా. ఏ జవాబు వచ్చినా అది మన రిపోర్టులో వాళ్ళ మాటగా ఉండాలి.

ఇక అవార్డుల సంగతి. కోయల పగిడిద్దరాజు, సమ్మక్క సారలమ్మల చరిత్రను కంచుమేళం, డోలుతో చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకూ వచ్చింది. రెండేళ్ళు దాటేసరికి మొగిలయ్య కట్టడం పనిలో కూలీగా కనిపించాడని పత్రికలు రాశాయి. రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఢిల్లీలో పతకం ఇచ్చిన రోజున మనమంతా ఫోటోలు పంచుకున్నాం. ఆయన పక్కన నిలబడి నేర్చుకుంటున్న కుర్రాడికి నెలనెలా ఇంత ఇద్దామని మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకైతే గురువుకిచ్చే పతకంకన్నా శిష్యుడికిచ్చే జీతం ముఖ్యమనిపిస్తుంది. జపాన్‌లో 1950 నాటి సాంస్కృతిక సంపద రక్షణ చట్టం ఆధారంగా ‘సజీవ జాతీయ సంపద’ అని వ్యవహరించే కళాకారులకు ఏటా ఇచ్చే సొమ్ములో ఉద్దేశం అదే, తర్వాతి తరాన్ని తయారు చేయమని.

అన్నిటికన్నా తమాషా రామప్ప. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది, మంచిదే. అక్కడి శిల్పాలను, జాయపసేనాని నృత్తరత్నావళిని పట్టుకొని నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. తెగిపోయిన నాట్యాన్ని రాతిలోంచి, గ్రంథంలోంచి పునర్నిర్మించడం ఒక పద్ధతి, దానికి తపస్సంత ఓపిక కావాలి. కానీ పటం కథకు అలాంటి పునర్నిర్మాణం అక్కర్లేదు. చెప్పగలవాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఉన్నప్పుడు వదిలేసి, పోయాక పుస్తకాల్లోంచి లేపడం మన అలవాటు.

చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాస్కులు, గోడ బొమ్మలు, తాళంచెవి గొలుసులు బాగానే అమ్ముడవుతున్నాయి, నకాషీ ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. దాన్ని వెటకారం చేసే స్తోమత నాకు లేదు. కానీ ఆ గుర్తింపు కాగితంలో కథకుడికి వాటా లేదు. బొమ్మలోని ఘట్టాల వరస కథకులది, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో చెప్పింది వాళ్ళు. డ్రాయింగ్ రూములో వేలాడే రెండడుగుల చట్రంలో ఆ వరస ఎలాగూ ఉండదు, అడిగేవాళ్ళూ లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాలు జానపద కళల జాబితాలు తయారు చేస్తూనే ఉంటాయి. ఆ ఫారాల్లో కళ పేరు, కళాకారుడి పేరు, వయసు, వాద్యం, ఫోటో, బ్యాంకు ఖాతా అడుగుతారు. ఇంకో నాలుగు గళ్ళు కలపండి. ఎవరికి చెబుతారు? ఏయే ఊళ్ళు? కిందటేడు ఎన్నిసార్లు చెప్పారు, ఎంత ముట్టింది? ఎవరు నేర్చుకుంటున్నారు? రికార్డు చేసినదాని ప్రతి ఒకటి ఆ కుటుంబానికి, ఒకటి ఊరి బడికి ఇచ్చి సంతకం తీసుకోండి. ఫారం నింపడానికి ఆ కథకుల కులం పిల్లలనే పెట్టుకొని కూలీ ఇవ్వండి. బయటినుంచి వచ్చిన స్కాలర్‌కు తెలియని తగాదాలు, దాచిన ఊళ్ళ పేర్లు వాళ్ళకు తెలుసు. నాలుగో గడి ఖాళీగా ఉన్న చోటికి మరుసటి ఏడు డబ్బు ముందు వెళ్ళాలి.